సగం వాటా

రైలు నాలుగు గంటలు లేటు.
బెజవాడ ఆరో నంబరు ప్లాట్‌ఫాం చివర
పార్సిల్ గుమాస్తా డబ్బాని వేలితో తట్టి
"పాల క్యానా అమ్మా?" అన్నాడు.
కాదన్నాను. ఏమిటో చెప్పలేదు.
మే నెల, మిట్టమధ్యాహ్నం, నలభై ఆరు డిగ్రీలు.
చెబితే నవ్వేవాడు, లేకపోతే సంతకం ఆపేవాడు.

లోపల మైనస్ నూట తొంభై ఆరు.
చీపురుపుల్లల్లాంటి గొట్టాలు ముప్పై రెండు,
ఒక్కోదానిలో పావు మిల్లీలీటరు
చచ్చిపోయిన ఒక అడవి పొట్టేలు.

ఎక్కడో మంచుకొండల అంచున
రాయి జారి పడిందట.
ఆరు గంటల తర్వాత ఎవరో పక్కన మోకాళ్ల మీద కూచుని
వృషణాల నుంచి తీసి,
కోడిగుడ్డు సొనలో కలిపి, కాస్త గ్లిజరిన్ వేసి,
నైట్రోజన్ పొగ మీద మెల్లగా గడ్డ కట్టించారట.
సగం వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు.
సగం మాకు పంపారు.
విత్తనమంతా ఒకే గాదెలో పోస్తే
ఒకే ఎలుక చాలు గదా.

కొలపుల్ల దించి, తీసి, గాలిలో ఊపాను.
తెల్లటి మంచు నాలుగు వేళ్ల మేరే పట్టింది.
ఆటోనగర్‌లో నైట్రోజన్ పోసే శ్రీమన్నారాయణ
భోజనానికి వెళ్లాడు.
మూసిన షట్టర్ ముందు
డబ్బా మీద కొంగు కప్పి కూచున్నాను.
కొంగు నీడ దానికేం చేస్తుందని!
అయినా కప్పాను.

గుంటూరులో మిరపకాయక్కూడా చల్లటి ఇల్లుంది.
మా ల్యాబు గోడకి అవతల కోల్డ్ స్టోరేజీ.
వాళ్ల జనరేటరు మొదలైతే
కరెంటు పోయిందని మాకు తెలుస్తుంది.
ఘాటు గోడ దాటి వస్తుంది, తుమ్ముతూ పని చేస్తాం.
మా డబ్బాకి కరెంటు అక్కర్లేదు.
వారానికోసారి ఒక మనిషికి
గుర్తుండాలి, అంతే.

బతికున్నాయో లేదో తెలియాలంటే
ఒకటి ఖర్చు పెట్టాల్సిందే అన్నారు డాక్టర్ కృపామణి గారు.
ముప్పై ఏడు డిగ్రీల నీళ్లు, ముప్పై సెకన్లు.
గొట్టం కొస కత్తిరించి
గాజుపలక మీద చుక్క.

మొదట ఏమీ లేదు. బియ్యం కడుగులా మసక.
తర్వాత ఓ మూల ఒకటి తల విదిల్చింది.
దాని పక్కది.
ఆపైన లాంగ్ బెల్ కొట్టిన బడి.

"నూటికి ముప్పై ఐదు. చాలు, పాసే" అన్నారు మేడమ్.
నేను కన్ను తీయలేదు.
ఆ ఈతకి అవతల గట్టున ఎవరూ లేరు.
పది నిమిషాల్లో గాజు మీద ఆరిపోతాయి.
అయినా అంత తొందరగా వెళుతున్నాయి.

మా ఫారంలో మాచర్ల గొర్రెల్ని కాసే తమ్మిశెట్టి అంకులు
(కుర్ర డాక్టర్లు పిలిస్తే అది పేరో వరసో తేలదు)
చెప్పులు బయట విడిచి వచ్చి
ఒక కన్ను మూసి చూశాడు.
"కొమ్ములెట్టుంటయ్యి?"
ఫోటో చూపించాం. తన మోచేతితో కొలుచుకున్నాడు.
"మంద?"
కొద్దిగానే మిగిలింది అన్నారు మేడమ్.
"దీన్నైతే దాచారు సరే.
గడ్డి కూడా దాచారా?"

మేడమ్ కళ్లజోడు తుడుచుకున్నారు.
ఆయన నీళ్లు పెట్టే వేళైందని
చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రిజిస్టరులో ముప్పై రెండు కొట్టేసి
ముప్పై ఒకటి రాశాను.
గాజుపలక కడగడానికి కాసేపు చేతులు రాలేదు,
తర్వాత కడిగాను.
గొట్టం పట్టుకున్న చోట వేలికి చలిబొబ్బ,
ఇంట్లో అడిగితే పోపు చిట్లిందన్నాను.

ఫోన్‌లో సోమవారం సోమవారం మోగేలా
అలారం పెట్టుకున్నాను,
గ్యాసు బండకీ పిల్లదాని ఫీజుకీ మధ్య.
దేనికని అడిగింది ఫోను.
పొట్టేలు, అని కొట్టాను.